అమ్మవారి బెల్లం

జహనుమా,
జూలై

అత్తమ్మకు వందనాలు.

ఈ ఉదయం తలుపు తీస్తే గడపకు ఒక వేపాకు అంటుకుని ఉంది. నిన్న పక్కింటి నాగమణమ్మ బోనం మన వాకిటి ముందు నుంచే వెళ్ళింది. ఆమె నెత్తిమీది కుండకు కట్టిన కొమ్మ నుంచి రాలి ఉంటుంది. దాని చుట్టూ ఊడ్చాను. ఆకును తీయలేదు.

మీ ఉత్తరంలో ఒక మాట అడిగారు. "కరుణమ్మ సంఘం ఇడిసిపెట్టిందని పాస్టరు బాలరాజ్ అయ్యగారు నాకు కార్డు రాసిండు, నిజమేనా" అని. అది చదివాకే తెలిసింది, అమ్మ మీకు ఏమీ రాయలేదని. మీకు చెవులు వినబడవు కాబట్టి ఫోన్లో ఎవరూ చెప్పి ఉండరు. తుంటి విరిగి మంచంలో ఉన్నారు కాబట్టి అమ్మ సమాధికి కూడా రాలేకపోయారు. అందుకని మొదటి నుంచి రాస్తున్నాను. అమ్మ సంఘాన్ని విడిచిపెట్టలేదు.

మూడేళ్ళ కిందట నాగమణమ్మ కూతురు రశ్మికి మెదడు జ్వరం వచ్చింది. ఆ వేసవంతా ఆసుపత్రిలోనే ఉంది. అమ్మ రోజూ వెళ్ళి ఆ పిల్ల మంచం పక్కన మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. నాగమణమ్మ అమ్మవారికి మొక్కుకుంది. రశ్మి లేచి కూర్చుంది. బోనం తీసి వచ్చిన రోజు నాగమణమ్మ మొదటి ముద్ద ఆకులో పెట్టి అమ్మ చేతికిచ్చింది. "నీ దేవుడు, నా తల్లి ఇద్దరు గల్సి బతికిచ్చిన్రు. ఎవరి వంతు ఎంతనో మనకెందుకు కరుణమ్మా, తిను" అంది. అమ్మ తిన్నది. తలుపు తెరిచే ఉంది. వీధిలో పోతున్న సంఘ పెద్ద ఒకాయన చూశారు.

విగ్రహానికి పెట్టింది తిన్నదని అమ్మను కమిటీ ముందుకు పిలిచారు. నేను వెంట వెళ్ళాను. "సంఘం ముంగట నిలబడి పాపం చేసిన అని చెప్పు, అయిపోతది" అన్నారు బాలరాజ్ అయ్యగారు. అమ్మ ఏమన్నదో నాకు ఇప్పటికీ వినబడుతుంది. "చెయ్యి జూసి తిన్న అయ్యా, బొమ్మను జూసి గాదు. పాపం గానిదాన్ని పాపమని ఎట్ల చెప్పాలె?"

అమ్మకు ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వడం నిలిపేశారు. ప్రతి మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో అందరికీ అందుతూ వచ్చి, అమ్మ దగ్గర మాత్రం ఆమె తలమీదుగా పక్కామెకు వెళ్ళేది. అంతకుముందు దాకా ఆ పళ్ళెంలోకి రొట్టె చేసి పంపింది అమ్మే. నాయనమ్మ తర్వాత అదే ఆమె పని.

కొన్నాళ్ళు అలా కూర్చుని, తర్వాత వెళ్ళడం మానేసింది. గురువారాలు ఇంట్లోనే ప్రార్థన పెట్టుకుంది. నాగమణమ్మ వచ్చేది. వెనకింటి షౌకత్ బీ మోకాలి నొప్పికి ప్రార్థన చేయించుకోవడానికి వచ్చేది.

ఫిబ్రవరిలో అమ్మ పోయినప్పుడు అయ్యగారు రాలేదు. బల్ల లేనివాళ్ళకు సంఘం సమాధుల తోటలో చోటు లేదని కబురు పంపారు. నాన్న పక్కన అమ్మకోసం విడిచిన జాగా ఇప్పటికీ ఖాళీగా ఉంది. షౌకత్ బీ కొడుకు తబ్రేజ్ ఎక్కడెక్కడో తిరిగి, నగరం అవతలి చివర చోటు సంపాదించాడు. పెట్టె మోసింది అతనూ, నాగమణమ్మ తమ్ముళ్ళూ. మన పాటలు తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. నాకు గొంతు రాలేదు. అమ్మను పాట లేకుండా మట్టిలో పెట్టాం.

నిన్న నాగమణమ్మ అమ్మవారి ముందు పెట్టిన బెల్లం ముద్ద ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బాలో పెట్టాను. అది బాలరాజ్ అయ్యగారి నోట్లోకి ఎలా వెళ్తుందా అని ఆలోచిస్తున్నాను.

హెప్సిబా


జహీరాబాద్,
ఆగస్టు

హెప్సీ బిడ్డకు,

ప్రభువు నామంల వందనాలు. నువ్వు ఉత్త వందనాలు రాసినవ్, ప్రభువు నామం ఇడిసిపెట్టినవ్. చూసిన.

నీ జాబు చదివి, అద్దాలు తీసి పక్కకు పెట్టి కూసున్న. మూడేండ్లు మరదలు నాకు జాబులు రాసింది. కరివేపాకు చెట్టు గురించి రాసింది, మొఘల్‌పురా బడిల నీ లైబ్రరీ నౌకరి గురించి రాసింది. ఈ సంగతి ఒక్క ముక్క రాయలే. నేను బైబిలు స్త్రీని గద. బతుకంత ఊర్లు తిరిగి, ప్రసాదం ముట్టద్దని ఆడోళ్ళకు చెప్పినదాన్ని. నేనేమంటనో అని భయపడ్డదేమో. ఇప్పుడు నేనేమంటనో నాకే తెల్వదు.

బాలరాజ్‌ను నేనెరుగుదు. సండే స్కూల్ల నా ముంగట కూసున్న పోరడు. వాక్యం ఒక్క అక్షరం తప్పకపోయేది, మొకం మీద నవ్వు మాత్రం రాకపోయేది.

ఇగ నీ బెల్లం ముచ్చట. కాన్వెంటుల సిస్టర్లు నీకు మెల్లగ మాట్లాడుడు నేర్పిన్రు. మెల్లగ కొరుకుడు గూడ నేర్పిన్రా?

ఒక్కటి ఇను. తెల్వక తిన్నోనికి దోషం అంటదు. ఒకరింటికి పోతే అడగకుంట తిను, ఇది ఫలానా దేవునికి పెట్టింది అని వాళ్ళు చెప్తే అప్పుడు ఆగు. నేను ఊరూర చెప్పిన పాఠం ఇదే. వానికి తెల్వకుంట ఛాయ్‌ల కలిపి పోస్తే వాడు తాగి, మూతి తుడుసుకొని, ఇంటికి పోయి సల్లగ పండుకుంటడు. నీ పగ నీ చేతులనే ఉంటది. అందుకే ఆ బెల్లం నువ్వన్న తిను, లేకుంటే పారెయ్. దాసిన బెల్లం చీమల పాలు.

గురువారం ప్రార్థన నడుస్తున్నదా? రాయి.

అత్తమ్మ సువార్తమ్మ


జహనుమా,
అక్టోబర్

అత్తమ్మకు వందనాలు.

గురువారం ప్రార్థన నడుస్తోంది. నడిపేది నేను కాదు. వాళ్ళే వచ్చి కూర్చుంటారు. నేను ఒక అధ్యాయం చదువుతాను. పైకి ప్రార్థన చేయడం నాకు చేతకాదు. పోయిన వారం షౌకత్ బీ, "జర జోర్‌సే పఢ్ బేటీ. నాకు ఇన్పించకున్నా ఫికర్ లేదు, నా మోకాలికి ఇన్పించాలె" అంది. "మోకాలికి చెవులుంటే నీ లొల్లికి ఎప్పుడో చెవుడొచ్చేది" అంది నాగమణమ్మ. చివర్లో అమ్మ చేసినట్టే రొట్టె చేసి, తుంచి అందరికీ పెడతాను. ఇక్కడ పళ్ళెం ఎవరి తలమీదుగానూ పోదు.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను.

శనివారం నేను బడి నుంచి వచ్చేసరికి మన ముందు గదిలో బాలరాజ్ అయ్యగారి భార్య కూర్చుని ఉంది. నాగమణమ్మ తాళం తీసి కూర్చోబెట్టిందట. సంఘానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. నవంబర్లో స్వర్ణోత్సవం. మొదట్లో ఇక్కడ పనిచేసిన ముసలి అయ్యగారు ఒకరు గుంటూరు నుంచి వస్తున్నారట. "మీ సంఘంలో ఆ తీపి రొట్టె ఇంకా ఉందా? ఆ రోజు బల్ల మీద అదే పెట్టండి" అని ఆయన అడిగారట. అమ్మకు బల్ల నిలిపేసినప్పటి నుంచి వాళ్ళు కొనుక్కొచ్చిన పల్చటి అప్పాలే వాడుతున్నారు. బెల్లం నీళ్ళతో పిండి తడిపే పద్ధతి మన ఇంటివాళ్ళకే తెలుసు కదా.

"జరిగిందేదో జరిగింది బిడ్డా. రొట్టె మీ ఇంటిది. నువ్వు గాకుంటే ఇంకెవరు చేస్తరు?" అంది అయ్యగారి భార్య. "అయ్యగారే వద్దామనుకున్నడు. మొకం చెల్లలే."

నేను ఛాయ్ ఇచ్చాను. అందులో చక్కెరే వేశాను. ఆమెకూ నాకూ గొడవేమీ లేదు.

చేస్తానని చెప్పాను.

అత్తమ్మా, మీరు రాసింది నిజం. తెలియక తిన్నవాళ్ళకు ఏమీ అంటదు. కాబట్టి ఆ రోజు సంఘంలో ఎవరికీ ఏమీ కాదు. తెలిసి తినాల్సింది ఒక్కరే. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళే ముందు ఆయనకు చెప్తాను.

హెప్సిబా


జహీరాబాద్,
అక్టోబర్

హెప్సీ,

నిన్ను ఆపుదామని నేను చెప్పిన మాటనే నువ్వు పీటేసుకొని ఎక్కినవ్.

మీ నాయనమ్మ పెట్టిన కట్టడి నీకు తెలుసు. నాకు గూడ గదే చెప్పింది. బల్ల రొట్టెకు పిండి పిసికేటప్పుడు నోరు ఇప్పద్దు. ఎవరి మీదనన్న కోపం ఉంటే అసలు పిండే ముట్టద్దు, ముందుగల పోయి వాళ్ళతోని మాట్లాడుకొని రావాలె. ఒకపారి నల్లా కాడ నీళ్ళ కోసం బుచ్చమ్మతోని కొట్లాడింది. తెల్లారితే బల్ల. పొద్దుగాల పోయి బుచ్చమ్మ తలుపు కొట్టింది. బుచ్చమ్మ తియ్యలే. అది తీసెదాక మా అమ్మ ఆ గడపలనే కూసున్నది. ఆ ఆదివారం గుడి గంట కొట్టినంక ఎప్పుడో వచ్చింది రొట్టె. సంఘమంత కూసొని ఎదురు చూసింది. ఎవ్వరు ఏమనలే.

గా చేతులకెళ్ళి వచ్చిన రొట్టె అది. దాన్ని గిట్ల చెయ్యకు.

నేను బాలరాజ్‌ను ఎన్కేసుకొస్తలేను. నా మరదలును మట్టికి గూడ పనికిరానిదాన్ని చేసిండు వాడు. స్వర్ణోత్సవానికి నన్ను గూడ పిలిసిన్రు. కారు పంపుతరంట, శాలువ గప్పుతరంట. "ఆ శాలువ తీస్కపోయి మా కరుణమ్మ సమాధికి గప్పున్రి, తొవ్వ తెల్వకుంటే తబ్రేజ్‌ను అడుగున్రి" అని రాసి పంపిన. నా కోపం నేను గట్ల తీర్చుకున్న. నువ్వు గూడ రొట్టె చెయ్యనని చెప్పు. గది చాలు. సంఘం ముంగట వాని పరువు సగం పోతది.

ప్రభువు నామంల,
అత్తమ్మ


జహనుమా,
నవంబర్

అత్తమ్మకు,

నాయనమ్మ బుచ్చమ్మ గడపలో కూర్చుంది. నా గడపలో ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆయన తన భార్యను పంపారు. అది కూడా అమ్మకోసం కాదు, రొట్టెకోసం.

చేయనని చెప్తే ఆయనకు ఒక రొట్టె తక్కువవుతుంది. అప్పాలు కొనుక్కుంటారు. అమ్మ ఎందుకు తిన్నదో, తిన్నాక ఎలా బతికిందో ఆయనకు ఎప్పటికీ తెలియదు.

ఈ ఆదివారమే స్వర్ణోత్సవం. ఈ ఉత్తరం మీకు అందేలోపు అయిపోతుంది. అందుకే ఇవాళ పోస్టు చేస్తున్నాను.

హెప్సిబా


జహీరాబాద్,
నవంబర్

హెప్సీ,

బాలరాజ్ కాడికెళ్ళి జాబు వచ్చింది. దాంట్ల ముచ్చటేం లేదు. "నా కొరకు ప్రార్థన చెయ్యున్రి సువార్తమ్మగారూ" అని ఒక్కటే ముక్క. సండే స్కూల్ల కూసున్నకాడి నుంచి వాడు ఎన్నడు నన్ను ప్రార్థన అడగలే.

వాణ్ణి ఏం చేసినవ్?

అత్తమ్మ


జహనుమా,
డిసెంబర్

అత్తమ్మకు వందనాలు.

వెంటనే రాయలేకపోయాను. బడిలో పరీక్షలు. అదొక్కటే కారణం కాదు.

ఆ ఆదివారం ఆకాశం తెలుపెక్కకముందే లేచి రొట్టె చేశాను. నాయనమ్మ కట్టడి సగం నిలబెట్టాను. పిసికినంతసేపూ పెదవి కదపలేదు. లోపల మాత్రం ఆపకుండా మాట్లాడాను.

పళ్ళెం మీద అమ్మ కుట్టిన తెల్లగుడ్డ కప్పుకుని వెళ్ళాను. అయ్యగారు బల్ల పక్కనున్న చిన్న గదిలో అంగీ వేసుకుంటున్నారు. బయట పాట మొదలైంది.

"వచ్చినవా బిడ్డా? పెట్టు పెట్టు. మస్తు వాసనొస్తున్నది" అన్నారు. ఆయన ముఖం వెలిగింది. నవ్వు రాని ముఖమని మీరు రాశారు. ఆ రోజు నవ్వారు. అది నేను అనుకోలేదు.

పళ్ళెం కింద పెట్టకుండానే చెప్పాను. "అయ్యగారూ, ఇందులో బోనాల బెల్లం ఉంది. నాగమణమ్మ అమ్మవారి ముందు పెట్టింది."

గుండీ పెట్టుకుంటున్న చేయి ఆగింది. "ఏంది?"

మళ్ళీ చెప్పాను. సమాధి దగ్గర రాని గొంతు అక్కడ వచ్చింది.

"పరాచికమా గిది?"

"కాదు."

"మరి గిప్పుడు చెప్తున్నవేంది? గిప్పుడా చెప్పేది?"

"తినేటప్పుడు అమ్మకు తెలుసు. మీకూ తెలియాలి."

పాట చివరి చరణానికి వచ్చింది. ఆయన తలుపు వైపు చూశారు. "సందు మొదట్ల బేకరీ తెరిసే ఉంటది. బ్రెడ్ తెప్పిస్త."

"తెప్పించండి. ఎందుకు తెప్పించారో సంఘానికి మీరే చెప్పండి. అమ్మ పేరు కూడా చెప్పాల్సి వస్తుంది."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు కరుణమ్మ బిడ్డవేనా?" అన్నారు.

పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టి బయటికి వచ్చాను.

అమ్మ కూర్చునే చివరి బెంచీ మీద కూర్చున్నాను. బేకరీకి ఎవరూ పోలేదు. ఆయన రొట్టె ఎత్తి, ప్రార్థన చేసి, విరిచారు. ముందుగా తానే తీసుకోవాలి కదా. తీసుకున్నారు. నమలడం ఆయనకు చాలాసేపు పట్టింది. పక్కన గుంటూరు నుంచి వచ్చిన ముసలి అయ్యగారు కళ్ళు మూసుకుని, "అదే రుచి" అన్నారు. ఆయనకు మైకు దగ్గరగా ఉన్నట్టుంది, సంఘమంతా విని నవ్వింది. బాలరాజ్ అయ్యగారు నవ్వలేదు.

పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. దాన్ని నా తలమీదుగా ఎత్తి పక్కామెకు ఇచ్చాను. ఆయన చూశారు. ఆయన చూడాలనే అలా చేశాను.

తర్వాతి గురువారం ఆయన మన ఇంటికి వచ్చారు. లోపల ప్రార్థన జరుగుతోంది. షౌకత్ బీ బార్కస్ బజారు నుంచి తెచ్చిన జామకాయలు కోసి పెడుతోంది. "అందర్ ఆవో అయ్యగారూ, కూసున్రి. మా పక్కన కూసుంటే మీ జన్నత్ ఏం గుంజుకోం" అంది. ఆయన గడప అవతలే నిలబడ్డారు. నేను బయటికి వెళ్ళాను.

"ఎవ్వరికన్న చెప్పినవా?" అన్నారు.

"లేదు."

"చెప్పకు బిడ్డా."

"మీరే చెప్పండి. సంఘం ముందు నిలబడి. మీరు అమ్మను అడిగింది అదే కదా."

"నా నౌకరి పోతది."

"అమ్మకు నేల పోయింది."

ఆయన కళ్ళకింద నల్లగా ఉంది. "కమిటీతోని నేను మాట్లాడుత. కరుణమ్మను ఆడికెళ్ళి తెచ్చి మీ నాయిన పక్కన పెట్టిస్త" అన్నారు.

ఆ మాటకోసం ఫిబ్రవరిలో నేను ఆయన కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు వద్దన్నాను. అమ్మ పక్కన ఇప్పుడు పడుకుని ఉన్నవాళ్ళు ఆమెను ఏమీ అడగలేదు. వాళ్ళ మధ్య నుంచి ఆమెను లేపను.

"మరి నన్నేం చెయ్యమంటవ్?" అన్నారు.

"లోపలికి రండి. రొట్టె పెడతాను. నాగమణమ్మ పక్కన చోటుంది."

ఆయన గడప దాకా చూశారు. చెప్పులు విడవడానికి వంగినట్టే వంగి, మళ్ళీ నిలబడి వెళ్ళిపోయారు. ఆయన వస్తారని నేను అనుకోలేదు. వచ్చి ఉంటే నా పగ ఏమయ్యేదో తెలియదు. రాలేదు కాబట్టి అది అలాగే ఉంది.

ఈ నెల మొదటి ఆదివారం బల్ల ఇవ్వడానికి వేరే అయ్యగారిని పిలిపించారట. బాలరాజ్ అయ్యగారు ముందు వరసలో అందరితో పాటు కూర్చున్నారు. పళ్ళెం తన దగ్గరికి వస్తే తల వంచుకుని పక్కకు పంపారట. వాళ్ళావిడ వచ్చి నాగమణమ్మ దగ్గర ఏడ్చింది. "ఏమైందో చెప్తలేడు, తింటలేడు, పండుకుంటలేడు" అన్నదట. నాగమణమ్మకూ ఏమీ తెలియదు. ఆమె ఆయనకోసం అమ్మవారికి మొక్కుకుంది.

ఏం చేశావని అడిగారు. ఇదే చేశాను. అమ్మ మూడేళ్ళు ఉన్న చోట ఆయన ఇప్పుడు ఉన్నారు. నేను ఒక్క మాట చెప్తే క్రిస్మస్ నాటికి మళ్ళీ బల్ల దగ్గరికి రాగలరు. ఆ మాట నా దగ్గరుంది. చెప్పను. మీరు ఆయనకోసం ప్రార్థన చేయాలనుకుంటే చేయండి.

హెప్సిబా

మీరన్నట్టే అయింది అత్తమ్మా. నాగమణమ్మ ఇచ్చిన బెల్లానికి శ్రావణం వానల్లోనే చీమలు పట్టాయి, పారేశాను. రొట్టెలో వేసింది కృష్ణయ్య దుకాణంలో కొన్న మామూలు బెల్లం.